"నష్టము కలిగినను మాట తప్పడు": గిబియోను ప్రమాణం గురించి ఒక ప్రశ్న

యువత_పాఠం
అందరికీ వందనాలు. ఆదివారం యవనస్థుల కూటంలో 15వ కీర్తన పాఠం ఉంది. నాలుగో వచనం చివర "ప్రమాణము చేయగా నష్టము కలిగినను మాట తప్పడు" అని ఉంది కదా, దానికి ఉదాహరణగా యెహోషువ 9వ అధ్యాయం తీసుకుందామనుకుంటున్నాను. అక్కడ పిల్లలు ఒక ప్రశ్న తప్పకుండా వేస్తారు. గిబియోనీయులు దూరదేశం వాళ్లమని అబద్ధం చెప్పి, తమను చంపబోమని ఇశ్రాయేలు పెద్దల చేత ప్రమాణం చేయించుకున్నారు. మోసంతో రాబట్టిన మాట ఎందుకు చెల్లాలి? ఇంకొకటి, దేవుని కృప గురించీ మనం ఇచ్చిన మాట గురించీ ఒకే పాఠంలో చెప్పవచ్చా, విడిగా చెప్పడం మంచిదా? నా చేతిలో ఉన్నది 45 నిమిషాలే.

హెబ్రీ పలక
వందనాలు. మీ రెండో ప్రశ్నకు ముందు జవాబిస్తాను, ఎందుకంటే మొదటిది దాని మీదే ఆధారపడి ఉంది.

హెబ్రీలో "హెసెద్" అనే మాట పాత నిబంధనలో సుమారు 250 సార్లు వస్తుంది. మన తెలుగు బైబిలు చదివేవాళ్లకు అది ఒకే మాట అని తెలిసే వీలు లేదు. 136వ కీర్తనలో 26 వచనాల చివరా "ఆయన కృప నిరంతరముండును" అని ఉన్నచోట అది "కృప". హోషేయ 6:6లో "కనికరము". యోనాతానును బట్టి సౌలు ఇంటివారికి మేలు చేయాలని దావీదు అడిగిన 2 సమూయేలు 9:1లో "ఉపకారము". రూతును బోయజు మెచ్చుకున్న రూతు 3:10లో "సత్ ప్రవర్తన". నాలుగు చోట్లా మూలంలో ఉన్నది ఆ ఒక్క మాటే. అనువాదకులది తప్పనడం లేదు, సందర్భానికి తగ్గట్టు రాశారు. అయితే ఆ నాలుగింటినీ కలిపి చూస్తేనే అర్థం పూర్తవుతుంది.

"కృప" అనగానే మనకు జాలి గుర్తొస్తుంది. హెసెద్ జాలి ఒక్కటే కాదు. ఎక్కువ చోట్ల అక్కడ ముందే ఒక బంధం ఉంటుంది: నిబంధనో, చుట్టరికమో, ఇచ్చిన మాటో. దాన్ని వదిలేసి వెళ్లిపోగల స్థితిలో ఉన్నవాడు వెళ్లకుండా నిలబడడమే హెసెద్. అందుకని దేవుని కృపనూ మనిషి మాటనూ ఒకే పాఠంలో చెప్పవచ్చు. నన్నడిగితే, విడదీసి చెబితేనే పాఠం కుంటుతుంది.

నీళ్ల కుండ
గిబియోను కథను వేగంగా దాటించకండి అక్కా, అందులో వివరాలు చాలా ఉన్నాయి.

వాళ్లు తెచ్చుకున్నవి చూడండి: పాత గోనెలు, చినిగి కుట్టిన ద్రాక్షారసపు తిత్తులు, మాసికలు వేసిన చెప్పులు, ఎండి బూజు పట్టిన రొట్టె. ఇంత తయారీ ఎందుకంటే ద్వితీయోపదేశకాండము 20:10-18 చూడాలి. దూరపు పట్టణాలతో సమాధానం చేసుకోవచ్చు, దగ్గరి కనాను జనాంగాలతో కూడదు. గిబియోనీయులు హివ్వీయులు, అంటే దగ్గరివాళ్లు. వాళ్ల అబద్ధాన్ని సరిగ్గా ఆ నియమానికి కొలత తీసి కుట్టారు.

ఇశ్రాయేలు పెద్దలు ఎక్కడ తప్పారో 14వ వచనం చెబుతుంది: రొట్టె చూశారు, యెహోవా దగ్గర విచారణ చేయలేదు. మూడు రోజులకే సంగతి బయటపడింది. గిబియోను, కెఫీరా, బెయేరోతు, కిర్యత్యారీము అనే నాలుగు పట్టణాలూ పక్కనే ఉన్నాయి. సమాజమంతా పెద్దల మీద సణిగింది. అయినా పెద్దలు చెప్పింది ఒకటే: యెహోవా తోడని ప్రమాణం చేశాం, వాళ్లను ముట్టకూడదు.

అసలు ఖరీదు 10వ అధ్యాయంలో కట్టారు. అయిదుగురు అమోరీయ రాజులు గిబియోను మీదికి వచ్చారు. మోసం చేసినవాళ్లను శత్రువే తుడిచిపెడతాడు, ఊరుకుంటే చాలు, చేతికి మట్టి అంటదు. యెహోషువ ఊరుకోలేదు. గిల్గాలు నుంచి రాత్రంతా నడిచాడు. యెరికో లోయ సముద్ర మట్టానికి రెండు వందల మీటర్లకు పైగా దిగువ, గిబియోను ఏడు వందల మీటర్లకు పైగా ఎత్తున. ఆయుధాలు మోస్తూ చీకట్లో ఎక్కాల్సిన ఎక్కుడు అది. "చంపకుండా వదిలేస్తాం" అన్న మాట "మీ కోసం ప్రాణాలకు తెగిస్తాం" దాకా వెళ్లింది. పిల్లలకు మ్యాపు మీద ఆ దారి చూపించండి.

కోర్టు గుమస్తా
మొదటి ప్రశ్న చాలా న్యాయమైనది, దాన్ని దాటవేయొద్దు. మన కాంట్రాక్టు చట్టం, 1872లో 19వ సెక్షను ప్రకారం మోసంతో రాబట్టిన ఒప్పందాన్ని మోసపోయినవాడు రద్దు చేసుకోవచ్చు. ఆ లెక్కన యెహోషువకు పూర్తి హక్కుంది. ఇంటర్, డిగ్రీ పిల్లలకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. మరి ఎందుకు రద్దు చేసుకోలేదు?

కాపరి కర్ర
ఒప్పందంలో ఉండేది ఇద్దరే, ప్రమాణంలో ముగ్గురు ఉంటారు. ఒప్పందం మనిషితో, తోడు దేవుని పేరు. ఎదుటివాడు అబద్ధికుడైతే అతని హక్కు పోతుంది, నిజమే. కానీ ఆ పేరు అబద్ధమాడలేదు. అన్యజనుల మధ్య "యెహోవా పేరు పెట్టి ఒట్టేస్తే ఇంతే" అన్న మాట వచ్చాక దాన్ని ఎవరు కడుగుతారు?

దీనికి జత వాక్యం యెహెజ్కేలు 17వ అధ్యాయం. యూదా రాజు సిద్కియా బబులోను రాజుకు ప్రమాణం చేసి తప్పాడు. ఆ ప్రమాణం ఇష్టపడి చేసింది కాదు, ఓడిపోయి చేసింది. పైగా విగ్రహారాధికుడైన రాజుకు చేసింది. అయినా 19వ వచనంలో దేవుడు దాన్ని "నా ప్రమాణం" అంటాడు. గిబియోను పక్కన దీన్ని పెడితే ప్రశ్న సగం తీరుతుంది.

ఒలీవ కొమ్మ
అయ్యగారూ, ఇక్కడే నాకు భయం. ఈ పాఠం విని ఇంటికెళ్లిన పిల్ల న్యాయాధిపతులు 11 తీసి, గెలిస్తే ఇంట్లోంచి ఎదురొచ్చినదాన్ని బలి ఇస్తానని మొక్కుకున్న యెఫ్తా సంగతి చదువుతుంది. అతనూ నష్టమైనా మాట తప్పలేదు కదా! మార్కు 6లో హేరోదు కూడా "ప్రమాణం చేశాను" అనే బాప్తిస్మమిచ్చు యోహాను తల ఇచ్చాడు. వీళ్లను 15వ కీర్తన మెచ్చుకుంటుందా? ఈ తేడా చెప్పకుండా "మాట తప్పకండి" అంటే ప్రమాదం.

కాపరి కర్ర
మంచి చోట ఆపావమ్మా. నష్టం ఎవరి మీద పడుతోందో చూడాలి.

15వ కీర్తనలో మాట ఇచ్చినవాడే నష్టపోతాడు. యెఫ్తా మాటకు ఖరీదు కట్టింది కూతురు. హేరోదు మాటకు ఖరీదు కట్టింది చెరసాలలో ఉన్న మనిషి. పక్కవాడి ప్రాణంతో నా మాట నిలబెట్టుకుంటే అది నమ్మకత్వం కాదు, పరువు కాపాడుకోవడం. హేరోదు విందులో కూర్చున్నవాళ్ల ముఖం చూసి ఒప్పుకున్నాడని మార్కు స్పష్టంగానే రాశాడు.

పాపం చేస్తానన్న ప్రమాణానికి ధర్మశాస్త్రంలో దారి ఉంది, యెఫ్తా వెతకలేదు. లేవీయకాండము 5:4-13 చదవండి. ఆలోచించకుండా పెదవులతో ఒట్టేసినవాడు తప్పు తెలిశాక మొదట ఒప్పుకోవాలి. తర్వాత ఆడ గొర్రెపిల్లనో మేకపిల్లనో తేవాలి. అంత స్తోమత లేకపోతే రెండు గువ్వలు లేదా రెండు పావురపు పిల్లలు. అదీ లేకపోతే ఏఫాలో పదోవంతు, అంటే దాదాపు రెండు లీటర్ల గోధుమపిండి, నూనె, సాంబ్రాణి లేకుండా. ఎంత పేదవాడికైనా వెనక్కి వచ్చే తలుపు ఉంది. వెనక్కి తిరగడానికి కూడా ఖరీదు ఉంది గానీ ఆ ఖరీదు ఒట్టేసినవాడే కడతాడు.

ఒలీవ కొమ్మ
అయితే ఆ కొలబద్ద 2 సమూయేలు 21 దగ్గర విరుగుతుంది. గిబియోనీయులకు ఇచ్చిన మాట తప్పి వాళ్లను చంపింది సౌలు. మూడేళ్ల కరవు వచ్చింది దావీదు కాలంలో. చచ్చింది సౌలు కొడుకులు, మనుమలు ఏడుగురు. తండ్రుల దోషానికి పిల్లలను చంపకూడదని ద్వితీయోపదేశకాండము 24:16 ఉంది కదా.

హెబ్రీ పలక
ఆ అధ్యాయాన్ని నునుపు చేసి చెప్పడం నాకూ ఇష్టం లేదు. కానీ వచనాల వరుస గమనించండి. కరవుకు కారణం ఏమిటో యెహోవా చెప్పాడు (1వ వచనం). పరిహారం ఏమిటో మాత్రం దావీదు యెహోవాను అడిగినట్టు అక్కడ లేదు, గిబియోనీయులనే అడిగాడు (3వ వచనం). ఏడుగురి సంఖ్య వాళ్లు చెప్పింది. దేశం కోసం చేసిన ప్రార్థన దేవుడు అంగీకరించాడన్న మాట ఉరితీతల తర్వాత వెంటనే రాదు, 14వ వచనంలో వస్తుంది, సౌలు, యోనాతానుల ఎముకలను గౌరవంగా పాతిపెట్టాక.

ఆ మధ్యలో రిస్పా ఉంది. చచ్చినవాళ్లలో ఇద్దరు ఆమె కొడుకులు. యవల కోత మొదలైనప్పటి నుంచి ఆకాశం నుంచి వాన పడేదాకా బండ మీద గోనె పరుచుకుని, పగలు పక్షులను, రాత్రి అడవి మృగాలను శవాల దగ్గరికి రానివ్వలేదు. దావీదును కదిలించింది ఆమె. అక్కడ హెసెద్ అన్న మాట రాయలేదు గానీ, ఆ అధ్యాయంలో దానికి దగ్గరగా నిలబడింది ఆమే అనిపిస్తుంది నాకు.

నీళ్ల కుండ
ఒక చిన్న మాట. గిబియోను ఎక్కడో లేదు, యెరూషలేముకు వాయవ్యంగా పది కిలోమీటర్ల లోపే, ఇప్పుడు ఎల్-జీబ్ అనే ఊరు. 1956-62 మధ్య జేమ్స్ ప్రిచర్డ్ తవ్వితే కూజాల పిడుల మీద ఊరి పేరు హెబ్రీ అక్షరాల్లో చెక్కి ఉంది. రాతిలో తొలిచిన పెద్ద నీటి గుంట కూడా బయటపడింది, దాదాపు 12 మీటర్ల వెడల్పు, నీటి దాకా 79 మెట్లు. గిబియోనీయులు తర్వాత ఏమయ్యారో పాఠం చివర చెప్పండి. కట్టెలు నరికేవాళ్లుగా, యెహోవా బలిపీఠానికి నీళ్లు చేదేవాళ్లుగా ఉన్నారు. సొలొమోను వెయ్యి దహనబలులు అర్పించింది గిబియోనులోనే (1 రాజులు 3:4). చెర నుంచి తిరిగి వచ్చాక యెరూషలేము గోడ బాగుచేసిన వాళ్లలో గిబియోనీయుడైన మెలట్యా ఉన్నాడు (నెహెమ్యా 3:7).

పొలం గట్టు
దేవుని వైపు ఖరీదు చెప్పడానికి హోషేయ 3:2 వాడండి, తప్పిపోయిన భార్యను ప్రవక్త మళ్లీ కొనుక్కున్న వెల అది. పదునైదు తులముల వెండి, ఏదుము యవలు. మన అనువాదకులు ఇక్కడ ఎంత ఆలోచించి మాటలు వేశారో!

మూలంలో ఉన్న హెబ్రీ తూకం షెకెలు, సుమారు 11.4 గ్రాములు. మన తులం 11.66. దాదాపు సరిపోయింది. పదిహేను తులాలు అంటే 170 గ్రాముల పైచిలుకు వెండి. ఏదుము అంటే అయిదు తూములు. తూము ఊరూరికీ మారేది కాబట్టి లీటర్లలోకి మార్చాలంటే మూలానికి వెళ్లాలి: హెబ్రీ కొలతలో హోమెరున్నర, సుమారు 330 లీటర్లు. యవలు ఆ కొలతకు రెండు క్వింటాళ్ల దాకా తూగుతాయి, 75 కిలోల బస్తాలు మూడుకు కాస్త తక్కువ.

అంతా వెండిగానే కట్టకుండా సగం గింజలు ఎందుకు? వచనం కారణం చెప్పదు. కానీ ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి తెచ్చినట్టు కనబడుతుంది. దాసుని విలువ నిర్గమకాండము 21:32లో 30 షెకెలులు. వెండి సరిగ్గా అందులో సగం. తనదే అయిన భార్యను, తప్పిపోయినదాన్ని, కొలిచి తూచి కొనుక్కుంటున్నాడు. ఆదివారం రెండు పళ్లేలు పెట్టండి, ఒకదాంట్లో 170 గ్రాముల బరువు, ఒకదాంట్లో గుప్పెడు యవలు. బార్లీ పేరుతో ఏ కిరాణా కొట్లో అయినా దొరుకుతాయి.

యువత_పాఠం
ఇది తప్పకుండా చేస్తాను. దేవుడు అబ్రాముతో నిబంధన చేసిన ఆదికాండము 15 కూడా పెట్టాలా? అది బరువైపోతుందేమో.

హెబ్రీ పలక
అది లేకుండా పాఠం తేలిపోతుంది. హెబ్రీలో నిబంధన "చేయడం" అనరు, "కోయడం" అంటారు. మూడేళ్ల పెయ్య, మూడేళ్ల మేక, మూడేళ్ల పొట్టేలు, ఒక తెల్లగువ్వ, ఒక పావురపు పిల్ల. మూడు జంతువులను నడిమికి చీల్చి ఎదురెదురుగా పెట్టారు. పక్షులను చీల్చలేదు. అలా చీల్చిన ముక్కల మధ్య నడవడానికి అర్థం యిర్మీయా 34:18-20 చెబుతుంది: మాట తప్పితే నా గతి ఇదే కావాలి. అక్కడ యెరూషలేము పెద్దలు బబులోను ముట్టడిలో ఉన్నప్పుడు దాసులను విడిపిస్తామని దూడ ముక్కల మధ్య నడిచారు. సైన్యం కాస్త వెనక్కి తగ్గగానే వాళ్లను మళ్లీ పట్టుకొచ్చారు. ఆపద పోయాక మాట మరచిపోయారు.

ఆదికాండములో మాత్రం అబ్రాము నడవడు. గాఢనిద్రలో ఉన్నాడు. పొగ లేచే పొయ్యి, మండే దివిటీ ఆ ముక్కల మధ్య దాటాయి. ఇద్దరి తరఫునా శాపం మీదికి తెచ్చుకున్నది ఒక్కరే, దేవుడే. లూకా 22:20లో గిన్నె పట్టుకుని "క్రొత్త నిబంధన" అన్నప్పుడు ఆ ఖరీదు ఎవరు కట్టబోతున్నారో శిష్యులకు అర్థం కాకపోయి ఉండవచ్చు. మీ పిల్లలకు అర్థమవుతుంది.

కోర్టు గుమస్తా
పిల్లలు చివర్లో అడిగేది ఇది కాదండీ. "హామీ సంతకం పెట్టాం, అప్పు తీసుకున్నవాడు ఎత్తేశాడు, కట్టాలా?" అని అడుగుతారు. ఇది మన ఊళ్లలో రోజూ జరిగేది.

సామెతలు 6:1-5 "పూటపడిన" వాడికి మొదటి పని చెబుతుంది: నిద్రపోవద్దు, వెళ్లి బతిమాలు, విడిపించుకో. అంటే హామీ పెట్టకముందే ఆలోచించు, పెట్టాక వెంటనే కదులు. చట్టం కూడా గట్టిదే. అదే కాంట్రాక్టు చట్టంలో 128వ సెక్షను ప్రకారం హామీదారు బాధ్యత అసలు అప్పుదారుతో సమానం, ముందు అతన్నే అడగండి అనే వీలు మామూలుగా ఉండదు. కట్టేశాక అప్పిచ్చినవాడికి ఉన్న హక్కులన్నీ హామీదారుకు వస్తాయి (140, 141), అసలువాడి నుంచి రాబట్టుకోవచ్చు (145). హామీదారు సమ్మతి లేకుండా షరతులు మార్చితే, ఆ తర్వాతి లావాదేవీలకు బాధ్యత పోతుంది (133). కాబట్టి కట్టేటప్పుడు రసీదు, అసలు నోటు కాగితం చేతికి తీసుకోవాలి. చాలామంది పోగొట్టుకునేది ఇక్కడే, డబ్బు కట్టి కాగితం వదిలేస్తారు.

ఇక కాలదోషం సంగతి. ప్రోనోటు మీద దావా వేయడానికి మూడేళ్లు. గడువులోపే చెల్లు వేయించుకుంటే మళ్లీ కొత్తగా మూడేళ్లు. అది దాటితే కోర్టు వసూలు చేయించదు. విశ్వాసి ఆ తేదీ కోసం ఎదురుచూడవచ్చా? కోర్టు తలుపు మూసుకున్నా అప్పు తీరినట్టు కాదని నేను నమ్ముతాను. చట్టమే దారి ఉంచింది: కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను మూడో భాగం ప్రకారం, కాలదోషం పట్టిన అప్పు తీరుస్తానని రాసి సంతకం పెడితే ఆ మాట చెల్లుతుంది. 15వ కీర్తనను కాగితం మీద పెట్టడానికి ఇంతకంటే తిన్నని దారి నాకు కనబడదు.

ఒలీవ కొమ్మ
అన్నా, ఇది బాగుంది. పెళ్లి ప్రమాణం గురించి కూడా ఒక హెచ్చరిక పెట్టండి. "మాట ఇచ్చావు కదా, భరించు" అని దెబ్బలు తినే ఆడపిల్లకు చెప్పే ఆయుధంగా ఈ పాఠం మారకూడదు. మలాకీ 2:14-16 నిందించేది భార్యకు ద్రోహం చేసిన భర్తను. దాసిగా కొన్న స్త్రీకి కూడా అన్నం, బట్ట, దాంపత్య హక్కు తగ్గిస్తే ఆమె ఏమీ కట్టకుండా వెళ్లిపోవచ్చని నిర్గమకాండము 21:10-11. మాట తప్పింది కొట్టినవాడు. అయ్యగారు చెప్పిన కొలబద్ద ఇక్కడా పెట్టండి, నష్టం ఎవరి మీద పడుతోంది? గృహహింస చట్టం, 2005 ఉంది, మహిళల హెల్ప్‌లైన్ 181. ఆ నంబరు బోర్డు మీద రాసి పెట్టండి, ఎవరినీ ఉద్దేశించినట్టు కాకుండా.

కాపరి కర్ర
తప్పకుండా రాయాలి. మొక్కుబడుల సంగతి కూడా ఒక్క ముక్క చెప్పండి. ఆవేశంలో "నా జీతమంతా ఇస్తాను" అని కూటాల్లో చేతులెత్తుతారు, తర్వాత ఇంట్లో బియ్యం ఉండవు. మొక్కుకోకపోతే పాపం లేదని ద్వితీయోపదేశకాండము 23:22. మొక్కుకున్నవాడు వెల కట్టలేనంత పేదవాడైతే యాజకుడు అతని స్తోమతను బట్టి వెల తగ్గించాలని లేవీయకాండము 27:8. దేవుని మందిరంలోనే తగ్గింపు ఉంది. అమ్మానాన్నలకు పెట్టాల్సింది "కొర్బాను", అంటే దేవునికి అర్పితం అని తప్పించుకున్నవాళ్లను ప్రభువు మార్కు 7లో గద్దించాడు, అదీ గుర్తు చేయండి.

యువత_పాఠం
అందరికీ కృతజ్ఞతలు. ఇలా అనుకుంటున్నాను: యెహోషువ 9, 10 మ్యాపుతో పదిహేను నిమిషాలు, ఆదికాండము 15 పది, హోషేయ తూకం అయిదు, మిగతా పదిహేను ప్రశ్నలకు. యెఫ్తా సంగతి వాళ్లు అడగకపోయినా నేనే తీస్తాను. 2 సమూయేలు 21 సమయం సరిపోదేమో.

హెబ్రీ పలక
21 మొత్తం వద్దు గానీ 7వ వచనం ఒక్కటి చదివించండి. గిబియోను ప్రమాణం కోసం సౌలు ఇంటివాళ్లను అప్పగిస్తున్న ఆ రోజే, యోనాతానుతో చేసిన ప్రమాణం కోసం అతని కొడుకు మెఫీబోషెతును దావీదు అప్పగించకుండా కాపాడాడు. కుంటివాడు, లోదెబారు నుంచి తెప్పించి తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నవాడు. ఒక మాట తప్పినందుకు ఇల్లు కూలుతుంటే, ఇంకో మాట అదే ఇంటివాణ్ణి నిలబెట్టింది. ఒక్క జాగ్రత్త: వెంటనే 8వ వచనంలో అప్పగించినవాళ్లలో మెఫీబోషెతు పేరు మళ్లీ వస్తుంది. అతను వేరు, రిస్పా కొడుకు. చదివే పిల్లకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే దావీదు మాట తప్పాడని గదిలో సగంమంది అనుకుంటారు.